రాధికాసాంత్వనపీఠికావిచారము

ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమును గూర్చి నూఱేండ్లకు మించి సాఁగిన చర్చయంతయు నొక్క ప్రశ్నచుట్టునే తిరిగినది. అందలి శృంగారము సహ్యమా, అసహ్యమా యనునదే యా ప్రశ్న. ఖండించినవారును సమర్థించినవారును దానినే పట్టుకొని పెనఁగులాడిరి. మేమీ వ్యాసమున విచారింపఁదలఁచినది దానికంటె ముందఱి విషయము. గ్రంథమున స్థానముచేతను ముందఱిదే. 1887 లో పైడిపాటి వేంకటనరసుగారు ప్రకటించిన ప్రతిలో కొన్ని పద్యములతోపాటు కృత్యవతారిక తొలఁగింపఁబడినది. 1910 లో బెంగళూరు నాగరత్నమ్మగారు దానిని మరల చేర్చి, గ్రంథమును వావిళ్లవారిచే ప్రకటింపించిరి. పద్యములు పోవుటవలని నష్టమును గూర్చి పలువురు మాటలాడిరి. అవతారిక పోవుటవలని నష్టము అంతకంటె పెద్దదని మా యభిప్రాయము. అది యెట్లో నిరూపించుటకు ముందు వ్యాకరణమునుండి యొక సంగతి యెత్తికొనవలసియున్నది. శాస్త్రవాసన వీనిని విడువదు గదా యని చదువరులు నవ్వుకొన్నను సరియే.

పాణిని స్త్రీప్రత్యయప్రకరణమున పుంయోగమను నొక నిమిత్తమును చెప్పినాఁడు. పురుషునితోడి సంబంధమునుబట్టి, అతని పేరునే స్త్రీకి పేరుగా చేయుట పుంయోగము. గోపుని భార్య గోపీ; తానే గోవులను కాచునామె యైనచో గోపా. ఆచార్యుని భార్య ఆచార్యానీ. తానే శాస్త్రమును వ్యాఖ్యానించునామె ఆచార్యా. ఉపాధ్యాయశబ్దమునందును ఇట్టి వివేకమునే వ్యాఖ్యాతలు చేసియున్నారు. మహాభాష్యమున ఆపిశలివ్యాకరణమును చదువు బ్రాహ్మణస్త్రీకి ఆపిశలా యనియు, కాశకృత్స్నిప్రోక్తమైన మీమాంసను చదువునామెకు కాశకృత్స్నా యనియు రూపములు కలవు. లోకమునందు అవసరములేని శబ్దములకై భాష్యకారుఁడు శ్రమపడునా? శాస్త్రమును చదివిన స్త్రీలు నుండిరి, చెప్పిన స్త్రీలు నుండిరి; వారిని భర్తల పేరున కాక వారి విద్యనుబట్టి పిలుచుట సాధువని శాస్త్రము ఒప్పుకొన్నది. ప్రసంగవశమున ఒక మాట. పాఠశాలాపుస్తకములలో తఱచుగా కనఁబడు 'కవయత్రి' యను రూపము సాధువు కాదు. 'కవయిత్రి' యనియే వ్రాయవలెను. స్త్రీల కవిత్వమును గూర్చి వ్యాసములు వ్రాయువారు ముందుగా ఆ పేరునైనను చక్కఁగా వ్రాయుట మేలు.

ఇఁక ప్రకృతము. తెలుఁగుకావ్యములకు అవతారిక యలంకారము మాత్రము కాదు. కవి యెవఁడు, ఎవరియొద్ద చదివినాఁడు, ఏ వంశమువాఁడు, కృతి నడిగినవాఁ డెవఁడు అను విషయములు అందు చెప్పఁబడును. కవి సభలో నిలిచి తన్ను తాను ఎఱుకపఱచుకొనుచోటు అది. గోత్రసూత్రములు, తాతతండ్రులు, అన్నదమ్ములు వరుసగా అందు నడతురు. స్త్రీలు రచించిన కృతులలోను ఈ పద్ధతియే కానవచ్చును. మొల్ల తన రామాయణమున తాను ఆతుకూరి కేసనకు కూఁతురనని చెప్పికొన్నది. ముద్దుపళని యవతారిక నడచిన త్రోవ వేఱు. ఆమె తన సాహిత్యపరంపరను స్త్రీలనుండి తెచ్చికొన్నది. అవ్వయగు తంజనాయకి విద్యావైభవమును కీర్తించి, ఆ వెలుఁగులో తన్ను నిలుపుకొన్నది. అంతటితో ఆఁగలేదు. పండితులను ధనకనకములతో సత్కరించిన స్త్రీ తనజాతిలో తనవంటిది వేఱొకతె కలదా, కావ్యముల నంకితము పొందిన స్త్రీ మఱియొకతె కలదా, యని నిస్సంకోచముగా చాటుకొన్నది.

ఈ చివరిమాట మిక్కిలి విలువగలది. కృతి చెప్పుట యొకటి, కృతి నందుకొనుట వేఱొకటి. తెలుఁగున కృతిభర్త యన్నచో రాజో, మంత్రియో, దండనాయకుఁడో, దైవమో మనకు తోఁచును. స్త్రీ యందుకొన్నచో ఏమనవలెను? పతిశబ్దము ఒంటరిగా నున్నపుడు యజ్ఞసంయోగమునందే పత్నీ యగును. పూర్వపదముతో కూడినపుడు మాత్రము వికల్పము. గృహమునకు తానే స్వామిని యైనది గృహపతి యనియు గృహపత్ని యనియు చెప్పఁబడును. అట్లే కృతిపత్ని యనవచ్చును. ఆ పదమునకు కృతిపతి భార్య యని యర్థము కాదు, కృతికి తానే స్వామిని యని. ముద్దుపళని అట్టిది. అవతారిక లేని ప్రతిని చదివినవానికి ఈ సంగతి తెలియు మార్గము లేదు.

తంజావూరున ఇట్టి స్త్రీలు ఆమెతో మొదలుకాలేదు. రఘునాథనాయకుని సభలో రామభద్రాంబ సంస్కృతమున రఘునాథాభ్యుదయమును రచించినది. మధురవాణి ఆ రాజు తెలుఁగున వ్రాసిన రామాయణమును సంస్కృతీకరించినది. విజయరాఘవుని కాలమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును, ఉషాపరిణయమును రచించినది. 1673 లో నాయకరాజ్యము కూలినది. పిమ్మట మహారాష్ట్రులు తంజావూరేలిరి. రాజులు మాఱిరి, తెలుఁగు మాఱలేదు, స్త్రీల విద్యయు ఆఱలేదు. ముద్దుపళని ప్రతాపసింహుని (1739–1763) యాస్థానమునకు చెందినది. ఆండాళ్ తిరుప్పావును కూడ తెలుఁగుచేసినది. ఆమెను ప్రతాపసింహుని భోగపత్ని యని మాత్రము పరిచయముచేయు వాక్యములు నేఁటి పుస్తకములలోను కలవు. ఆ సంబంధము అసత్యము కాదు. కాని ఆ వాక్యము పుంయోగమున చెప్పఁబడిన వాక్యము. అవతారిక చదివినచో వాక్యము తిరుగఁబడును: తంజనాయకి మనుమరాలు, పండితసత్కర్త్రి, కృతులందుకొన్న విదుషి యను మాటలు ముందునకు వచ్చును.

కావ్యము నాలుగాశ్వాసములు, 584 పద్యములు. ఇళాదేవీయమనియు దీనికి నామాంతరము కలదు. శుకుఁడు జనకునకు చెప్పినట్లు కథ నడచును. కృష్ణునకు అత్తవరుసయగు రాధ ప్రౌఢ. ఇళను చిన్ననాఁటనుండి తానే పెంచినది. ఆమె యీడేరఁగానే కృష్ణునకిచ్చి తానే పెండ్లిచేయించినది. శయ్యాగృహమునకు పంపుటకు ముందు ఎట్లు మెలఁగవలయునో పెండ్లికూఁతునకు బోధించినది. పసిది, మృదువుగా చూడుమని కృష్ణునకును చెప్పినది. పిదప విరహము, ఈర్ష్య, కోపము. కృష్ణుఁడు వచ్చి యామెను ఊఱడించుటయే కావ్యనామమునకు మూలము.

సాంత్వనశబ్దమును పరికింపుఁడు. సాంత్వధాతువు చురాదిగణమున సామప్రయోగార్థమున పఠింపఁబడినది. దానికి ల్యుట్టు చేరఁగా సాంత్వనము. సామమనఁగానే ఆలంకారికునకు మానవిప్రలంభము స్ఫురించును. దశరూపకకారుఁడు మానమును ప్రణయమానము, ఈర్ష్యామానము నని రెండుగా విభజించి, దాని యుపశమనమునకు సామము, భేదము, దానము, నతి, ఉపేక్ష, రసాంతరము నను ఆఱుపాయములను చెప్పినాఁడు. కావున కవయిత్రి తన కావ్యము దేనిని గూర్చినదో పేరునందే చెప్పినది. ఇది రతికావ్యము కాదు, మానకావ్యము. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ మానము మన కెల్లరకు తెలిసినదే. దానికిని దీనికిని భేద మెంతయో కలదు. సత్య కోపించుటకు ఎదుటివారి నేరము చాలినంత కలదు: పువ్వు రుక్మిణికి పోయినది. రాధకు నేరముమోపఁదగినవా రెవరును లేరు. పెంచినది తాను, ఇచ్చినది తాను, బోధించినది తాను. ఇళ బిడ్డవంటిది; కృష్ణుఁడు తాను చెప్పినట్లే చేసినాఁడు. తాను కూర్చిన కూటమును చూచి తానే యోర్వలేకపోవుట, ఆ యోర్వలేమిని పైకి చెప్పుకొనుటకైన మొగము చాలకపోవుట — ఈ స్థితిని మన ప్రబంధకవులలో ఇంత నిలుకడతో పట్టినవారు అరుదు. నాయికాభేదపట్టికలలో రాధకు ప్రౌఢయనియో ఖండితయనియో పేరు పెట్టి ముగింపవచ్చును. ఆ పేళ్లలో ఆమె యిముడదు.

ఈ గ్రంథముమీఁద పడిన దోషారోపణ ముఖ్యముగా కందుకూరి వీరేశలింగము పంతులుగారిది. కవులచరిత్రమున వారు, ఇందలి భాగములు స్త్రీలు వినఁదగినవి కావనియు, స్త్రీ నోటినుండి రాఁదగినవి అసలే కావనియు నిర్ణయించి, కవయిత్రి శీలమునుకూడ నిందించిరి. పంతులుగారిని తేలికగా మాటలాడుట మా యుద్దేశము కాదు. 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహమును జరిపించినవారు, స్త్రీలకొఱకు 1883 లోనే సతీహితబోధినిని నడపినవారు వారు. భోగముమేళములు గృహస్థుల కాపురములను చెఱచుట చూచి దానిపై యుద్ధము ప్రకటించినవారు. ఆ యుద్ధమున వారికి గణిక శత్రుపక్షమున కనఁబడినది. గణిక చేతి పుస్తకమును అట్లే కనఁబడినది. కారణము తెలిసికొనవచ్చును. తీర్పును మాత్రము శాస్త్రముతో సరిచూడక విడువరాదు.

మొదటిది, జన్మము. మమ్మటుఁడు కావ్యహేతువులుగా శక్తిని, నిపుణతను, అభ్యాసమును చెప్పినాఁడు. కులమును గాని వృత్తిని గాని చెప్పలేదు. ఆ మూఁటిలో ఏది ముద్దుపళనికి లేదో చూపినవారు లేరు.

రెండవది, వర్ణనము. ఇచట మేము సమర్థకులతోడను పూర్తిగా ఏకీభవింపము. ఉత్తమదేవతల సంభోగవర్ణనము అనుచితమని ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమున స్పష్టముగా చెప్పినాఁడు. కుమారసంభవమున కాళిదాసు చేసినదియు అనౌచిత్యమే యనియు, కాని ఆ మహాకవి శక్తి దానిని కప్పివేయుటచే దోషము తోఁచదనియు ఆయన నిర్ణయము. ఆ కొలతతో చూచినచో రాధికాసాంత్వనమున దోషము కలదు. కొన్నిచోట్ల శక్తి దానిని కప్పినది, కొన్నిచోట్ల కప్పలేదు. పరిపోషము చెందిన రసమును మరల మరల ఉద్దీపింపఁజేయుట రసభంగహేతువని అదే గ్రంథమున చెప్పఁబడినది. ఆ దోషము ఇందు అంతకంటె ఎక్కువ బాధించును. కేళీవర్ణనములు కొన్ని అలసట పుట్టించును. ఇది సాహిత్యదోషము. దీనికి సాహిత్యమునందే శిక్ష కలదు: చదువరి పుట త్రిప్పును.

మఱి ఇదే తూనికతో మగవారి ప్రబంధములను తూఁచితిమా? నాగరత్నమ్మగారు తమ పీఠికలో అడిగినది ఇదియే. సారంగు తమ్మయ వైజయంతీవిలాసమును పంతులుగారే పరిశీలించి ప్రకటనమునకు అంగీకరించియుండఁగా, అందున్నదానికంటె ఇందెక్కువగా ఉన్న దేమి? సిగ్గు స్త్రీలకు మాత్రము విధింపఁబడినదా? వాదమున దీనిని ప్రతిబంది యందురు. ప్రతిబందికి సమాధానము చెప్పక తప్పించుకొనుట పరాజయస్థానము. ఆమెకు సమాధానము శాస్త్రచర్చలో రాలేదు; పోలీసువారి ద్వారమున వచ్చినది.

మూఁడవది, స్త్రీలు వినరాదను మాట. ఇది యన్నిటికంటె చిత్రము. ఔచిత్యమును నిర్ణయించునపుడు వక్త యెవరు, బోద్ధవ్య మెవరు అని ముందుగా చూడవలెనని ఆలంకారికు లెల్లరు చెప్పుదురు. ఈ కావ్యమున పంతులుగారు రోఁతపడిన భాగములలో చెప్పునది యెవరు? పెంచిన పెద్ద ముత్తైదువ. వినున దెవరు? ఆ రాత్రి మగనియింట అడుగిడఁబోవు పెండ్లికూఁతురు. మన యిండ్లలో ఆ బోధ ఏ తరమునను లేకపోలేదు. తలుపు చేరవేసి, మెల్లగా, ముసలమ్మలు చెప్పుదురు. దానిని ముద్దుపళని పద్యము చేసినది. స్త్రీ స్త్రీకి చెప్పుట యను వక్తృబోద్ధవ్యసంబంధముమీఁదనే నిలిచిన ఘట్టమును స్త్రీలు వినరాదనుట, వరునకు మంత్రము వినిపింపవలదనుటవంటిది. రాధ కృష్ణునకు చేయు బోధను గమనింపుఁడు. అందు ముగ్ధయొక్క భయము, లేఁతదనము, నొప్పి పురుషునకు తెలుపఁబడుచున్నవి. పురుషుఁడు వ్రాసిన శృంగారప్రబంధములలో ముగ్ధ వర్ణింపఁబడును గాని, ఆమె పక్షమున నిలిచి నాయకుని హెచ్చరించు వారుండుట అరుదు. ఈ భాగమును స్త్రీ తప్ప వేఱెవరు వ్రాయఁగలరు?

ఇపుడు అవతారికకు మరలుదము. దానిని తొలఁగించినవారి యుద్దేశమేమో మేము ఊహింపము. ఫలితము మాత్రము చెప్పవచ్చును. అవతారిక లేని రాధికాసాంత్వనమున చదువరికి మిగులునది అనామకమగు స్త్రీకంఠము. ఆమె యెవరని అడిగినచో రాజసంబంధమే ఉత్తరము. అవ్వ లేదు, పండితసత్కారములు లేవు, అంకితములు లేవు. ఆచార్యా యని పిలువవలసినదానిని ఆచార్యానీ యని పిలిచినట్లయినది. చదువు మఱుఁగుపడినపుడు శృంగారము ఒక్కటియే పైకి తేలును. అది బజారుమాటగా వినఁబడును. దూషకులకు ఆ ప్రతి సహాయము చేసినది.

నాగరత్నమ్మగారు చేసిన పనిని పరిష్కరణమని యెంచి కొలిచినవారు తక్కువ. సంగీతవిదుషిగా ఆమెను లోకము ఎఱుఁగును. 1878 లో నంజనగూడున జన్మించిన ఆమె సంస్కృతాంధ్రకర్ణాటభాషలు చదివినది. తిరువయ్యాఱున త్యాగరాజస్వామి సమాధికి మందిరము కట్టించినది. మగవారి పక్షములు రెండుగా చీలి వాదులాడుకొనుచున్న యారాధనలో పాడుటకు స్త్రీలకు చోటులేకపోఁగా, స్త్రీల నొక పక్షముగా కూర్చి పాడించినది. త్యాగరాజాష్టోత్తరశతనామావళిని సంస్కృతమున కూర్చినది. ఇవన్నియు చెప్పుదురు, పరిష్కర్త్రి యని చెప్పరు. ఆమె ముద్దుపళని పేరును మొదట వేఱొక గ్రంథమున చూచినది. అచ్చుప్రతిని వెదకి తెప్పించినది. పిమ్మట వ్రాతప్రతిని సంపాదించి రెంటిని పోల్చి, పోయిన భాగములను గుర్తించినది. గ్రంథముపైఁ గల యాక్షేపములకు పీఠికలో సమాధానము వ్రాసినది. మూలప్రతి సంపాదనము, పాఠసంవాదము, లోపపూరణము, పూర్వపక్షఖండనము — పండితుఁడైన పరిష్కర్త చేయఁదగినవి ఇంతకంటె ఏమున్నవి? పుస్తకము ఎన్నిసార్లు చదివినను తనివి తీరలేదని ఆమె చెప్పికొన్నది. రసికత పాండిత్యమునకు అడ్డము కాదని ఆ యొక్క గ్రంథము చాలును. ఆమె ప్రకటనము పిమ్మట ఒక పత్రిక, వ్రాసినదియు గణికయే, ప్రకటించినదియు గణికయే యని యెత్తిపొడిచినది. చూడుఁడు, మరల పుంయోగమే. పరిష్కరణమున తప్పు చూపుటకు ఆ విమర్శకునకు తీరిక చాలలేదు.

1911 లో మద్రాసు ప్రభుత్వము గ్రంథమును అశ్లీలమని నిషేధించి ప్రతులను పట్టుకొన్నది. పండితులు కొందఱు చేసిన విజ్ఞప్తులు ఫలింపలేదు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు పూనుకొనఁగా 1947 లో నిషేధము తొలఁగినది. 1952 లో వావిళ్లవారు మరల ముద్రించిరి. ఆ యేఁడే మే 19 న నాగరత్నమ్మగారు దివంగతులైరి. 1991 లో సూసీ తారు, కె. లలితగారలు సంపాదించిన భారతస్త్రీల రచనల యాంగ్లసంకలనమున ఈ చరిత్ర విపులముగా వెలువడినది. 2011 లో సంధ్యా ముల్చందానిగారి యాంగ్లానువాదము వచ్చినది. ఆంగ్లమున చదువువారు ముద్దుపళనిని ఆమె యవతారికతో కూడ ఎఱుఁగుదురు. మన కళాశాలలలో తెలుఁగు చదువు విద్యార్థి ఆమె పేరును దక్షిణాంధ్రయుగమను శీర్షికక్రింద ఒక పంక్తిలో చూచి పరీక్ష వ్రాసి వచ్చును.

ఈ గ్రంథమును మరల పరిష్కరించువారు 1887, 1910, 1952 ప్రతులను ఎదురెదుర పెట్టి, ఏ పద్యము ఏ ప్రతిలో లేదో, ఏది మార్పఁబడినదో అడుగున చూపవలెను. అవతారికలోని పేళ్లకు వివరణము కావలెను. తంజనాయకి యను పేరు వచ్చినచోట గ్రంథమున కంతకును వ్రాయు వ్యాఖ్యకంటె దీర్ఘమైన వ్యాఖ్య పడినను మాకు సమ్మతమే. ముఖపత్రమున రచయిత్రి పేరుక్రింద పరిష్కర్త్రి పేరు నాగరత్నమ్మ యని, 1910 అను సంవత్సరముతో, ఉండవలెను. ఆమె వ్రాసిన పీఠికను యథాతథముగా, ఒక్క యక్షరము విడువక, క్రొత్త సంపాదకుని పీఠికకు ముందు అచ్చువేయవలెను.